స్నో గ్లోబ్‌లో నీళ్లు మబ్బుపట్టకుండా, మూత కారకుండా: మన ఎండలకు నిలిచేలా చేసే పద్ధతి

మీరు అడిగింది ఇదీ. పోయిన క్రిస్మస్‌కు కర్నూలులో ఇంట్లోనే ఒక స్నో గ్లోబ్ చేశారు, అంటే మూత లోపల బొమ్మను అంటించి, సీసాలో నీళ్లు, గ్లిట్టర్ (మెరుపుపొడి) నింపి తలకిందులుగా నిలబెట్టేది, ఊపితే మంచు కురిసినట్టుంటుంది. ఖాళీ పచ్చడి సీసా, ఫిల్టరు నీళ్లు, రెండు చెంచాల గ్లిజరిన్, బొమ్మను అంటించడానికి క్షణాల్లో పట్టేసే చిన్న ట్యూబు జిగురు వాడారు. పదిరోజులకే నీళ్లు మబ్బుపట్టాయి, గ్లిట్టర్ ముద్దకట్టింది. ఏప్రిల్‌లో మూత దగ్గర కారి షోకేసు అరంతా జిడ్డయింది, ఆపైన బొమ్మ కూడా ఊడింది. ఈసారి సండే స్కూల్ పిల్లలకు పదిహేను చేయాలి, ఎక్కడ తప్పు జరిగింది, ఏది ఎంత కావాలి అని.

ముందు సూటిగా జవాబు. డిస్టిల్డ్ వాటర్ (ఆవిరి చేసి చల్లార్చి తీసిన శుద్ధమైన నీళ్లు) రెండు పాళ్లు, గ్లిజరిన్ ఒక పాలు. బొమ్మకు నెమ్మదిగా ఆరే రెండు ట్యూబుల అరాల్డైట్ జిగురు. ఆ నీళ్లను సుమారు 45 డిగ్రీల వేడి మీదే సీసా అంచుదాకా నింపి మూత బిగించడం. సీసాలో పాత నూనె వాసన కూడా మిగలకుండా కడగడం. ఈ నాలుగూ సరిగ్గా చేస్తే మీరు చెప్పిన నాలుగు ఇబ్బందులూ పోతాయి. వీడియోల్లో చూపించే పద్ధతులు ఎక్కువగా చలిదేశాల వాళ్లవి. వాళ్ల సీసా ఏడాదంతా 20 డిగ్రీల గదిలో కూర్చుంటుంది. మనది డిసెంబరులో 25 దగ్గర మొదలై మే నెలలో 42, 43 చూస్తుంది. అసలు తేడా అక్కడే వస్తోంది.

మూత కారడం గురించి ముందు చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ సరిగ్గా వివరించరు. "గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా నిండా పోయండి" అని అందరూ చెప్తారు. చల్లటి నీళ్లతో నిండా పోసి బిగిస్తే ఏమవుతుందో లెక్క చూడండి. 300 మిల్లీలీటర్ల గ్లిజరిన్ నీళ్లు 25 డిగ్రీల నుంచి 43 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు రెండున్నర మిల్లీలీటర్లు ఉబ్బుతాయి. అంటే అర టీస్పూను. గాజు అంతగా సాగదు, నీళ్లను నొక్కితే నలగవు. ఆ అర టీస్పూను ఎక్కడికో ఒకచోటికి పోవాలి కాబట్టి మూతలోపలి మెత్తటి రబ్బరులాంటి పొరను తోసుకుని బయటికి వస్తుంది. రాత్రి చల్లబడినప్పుడు కారినచోటు నుంచే గాలి లోపలికి పోతుంది. ఇలా రోజుకొకసారి జరిగి ఏప్రిల్, మే దాటేసరికి పైన పెద్ద గాలి బుడగ, కింద జిడ్డు. మీ మూతలో లోపం ఉండాల్సిన పనే లేదు. కొత్త మూతైనా ఇదే చేస్తుంది.

"అయితే కాస్త గాలి వదులుతాను" అంటారేమో. అదీ సగం పరిష్కారమే. ఐదు మిల్లీలీటర్ల గాలి వదిలితే, ఎండకు నీళ్లు ఉబ్బినప్పుడు ఆ గాలి సగానికి నలిగి లోపల ఒత్తిడి రెండింతలవుతుంది, మూత మళ్లీ కారుతుంది. పది మిల్లీలీటర్లు వదిలితే ఒత్తిడి మూడోవంతుకు కాస్త పైగా పెరుగుతుంది, మంచి మూత తట్టుకుంటుంది. కానీ బుడగ కంటికి బాగా కనపడుతుంది.

దీనికి జామ్, ఊరగాయ కంపెనీలు వాడే ఉపాయమే సరైనది: వేడి మీద నింపడం. 45 డిగ్రీల దగ్గర అంచుదాకా నింపి మూత బిగిస్తే, నీళ్లు అప్పటికే మే నెలంత ఉబ్బి ఉన్నట్టు లెక్క. చల్లబడేకొద్దీ అవి కుంచించుకుని, లోపల ఒత్తిడి తగ్గి, మూత తనంతట తానే లోపలికి గుంజుకుపోయి బిగుస్తుంది. డిసెంబరులో చిన్న బుడగ ఒకటి కనపడుతుంది. ఎండాకాలంలో అది దాదాపు మాయమవుతుంది, ఒత్తిడి మాత్రం పెరగదు. థర్మామీటరు లేకపోతే తలకు పోసుకునే నీళ్లకంటే రవంత ఎక్కువ వేడి చూసుకోండి, వేలు ముంచి పది లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలగాలి. అంతకంటే వేడిగా పోయొద్దు. బొమ్మను పట్టుకున్న జిగురు మెత్తబడుతుంది, చల్లటి గాజు చిట్లే ప్రమాదమూ ఉంది. సీసాను కూడా ముందు గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి తీయండి.

మిగిలిన ఆ చిన్న బుడగ గురించి బెంగ వద్దు. గాజు సీసాల అడుగు మధ్యలో లోపలికి ఉబ్బి ఉంటుంది. సీసాను తలకిందులుగా నిలబెట్టినప్పుడు బుడగ ఆ ఉబ్బుకు చుట్టూ, అంచు దగ్గర, సన్నటి వలయంలా పరుచుకుంటుంది. పైన, గాజు బయట, కాస్త దూదో తెల్ల ఫెల్టు గుడ్డో అంటిస్తే ఇంటి కప్పు మీద మంచు పేరుకున్నట్టు కనపడుతుంది, బుడగ కనపడదు.

ఇక నీళ్లు. రాయలసీమ బోరునీళ్లలో సున్నం సంగతి మీకు తెలిసిందే, కుక్కరు అడుగున తెల్లగా పేరుకునేది అదే. ఫిల్టరు నీళ్లలో అది తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. పైగా ఫిల్టరు నీళ్లలో క్లోరిన్ మిగలదు కాబట్టి సూక్ష్మజీవులను ఆపేది ఏమీ ఉండదు. అందులో గ్లిజరిన్ కలిపారు. తక్కువ మోతాదులో గ్లిజరిన్ వాటికి ఆహారం, బాగా ఎక్కువైతేనే వాటి పెరుగుదలను అడ్డుకుంటుంది. రెండు చెంచాలంటే మేత వేసినట్టే. పది, పదిహేను రోజుల్లో మబ్బుపట్టి జిగటగా మారిందంటే కారణం అదే.

డిస్టిల్డ్ వాటర్ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. కర్నూలు, అనంతపురం, కడప ఏ ఊళ్లోనైనా బ్యాటరీ అంగళ్లలో, ఇన్వర్టర్ల అంగళ్లలో లీటరు, ఐదు లీటర్ల డబ్బాల్లో దొరుకుతుంది. సీలు తియ్యని డబ్బానే తీసుకోండి, "డిస్టిల్డ్ వాటర్" అని అడగండి. అదే అంగట్లో బ్యాటరీ యాసిడ్ కూడా అలాంటి డబ్బాల్లోనే ఉంటుంది. అంగడివాళ్లు విడిగా పోసిచ్చేది, లేబుల్ లేనిది తీసుకోవద్దు. పిల్లల చేతికి వెళ్లే వస్తువు కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నాను.

తెచ్చిన నీళ్లను స్టీలు గిన్నెలో ఐదు నిమిషాలు మరగనివ్వండి. దీంతో సూక్ష్మజీవులు పోతాయి, నీళ్లలో కలిసి ఉన్న గాలీ పోతుంది. ఈ రెండో లాభం చాలామందికి తెలియదు. మరగబెట్టని నీళ్లు పోస్తే గది వేడెక్కినప్పుడు ఆ గాలి సన్నటి బుడగలుగా విడిపోయి గాజుకు, బొమ్మకు అతుక్కుంటుంది. సోడా సీసా గోడకు పట్టిన బుడగల్లా ఉంటుంది చూడటానికి.

చెడకుండా డెట్టాల్ చుక్క వేయమని ఎవరైనా చెప్తే వినొద్దు. డెట్టాల్ నీళ్లలో పడితే పాలలా తెల్లబడుతుందని అందరం బకెట్లో చూసిందే. సోడియం బెంజోయేట్ పులుపున్న సాసుల్లో పనిచేస్తుంది, పులుపు లేని ఈ నీళ్లలో దాని ప్రభావం చాలా తక్కువ. బొమ్మ పూర్తిగా ప్లాస్టిక్‌ది అయితే 300 మిల్లీలీటర్లకు ఒకటి రెండు చుక్కల బ్లీచింగ్ ద్రావణం వేయొచ్చు. లోహం ఉంటే తుప్పు, రంగు వేసిన బొమ్మ అయితే రంగు వెలవడం ఖాయం. నేనైతే ఏమీ వేయను. మరిగిన నీళ్లు, మరిగిన నీళ్లతో కడిగిన మూత, సబ్బుతో తోమిన బొమ్మ, చేతులు పెట్టకుండా నింపడం, ఇవి సరిపోతాయి.

మెకానిక్ అంగట్లో దొరికే రేడియేటర్ కూలెంట్ వాడమని కూడా కొందరు సలహా ఇస్తారు. గడ్డకట్టే చలి ఉన్న దేశాల్లో సీసా పగలకుండా అలాంటి ద్రవం కలిపేవాళ్లు, ఆ అలవాటు ఇక్కడిదాకా వచ్చింది. మనకు నీళ్లు గడ్డకట్టవు. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలున్న ఇంట్లోకి ఏ కారణంతోనూ రానివ్వొద్దు.

గ్లిజరిన్ ఎంత? నీళ్లు రెండు పాళ్లకు గ్లిజరిన్ ఒక పాలు కలిపితే మామూలు నీళ్లకంటే మూడు రెట్లకు పైగా చిక్కగా అవుతుంది. సన్నటి గ్లిట్టర్‌కు ఇది సరిగ్గా సరిపోతుంది. మంచుకు గ్లిట్టర్ బదులు గుడ్డుపెంకు పొడి వాడితే సమపాళ్లు కలపాలి, అప్పుడు ఏడెనిమిది రెట్ల చిక్కదనం వస్తుంది. అంతకుమించి పోస్తే మంచు కురవడం మానేసి గాల్లో వేలాడుతూ ఉంటుంది. అది అందంగా ఉండదు, డబ్బూ దండగ. ఒకటి గుర్తుంచుకోండి: వేడికి గ్లిజరిన్ పలచబడుతుంది. 20 డిగ్రీల చలిపొద్దులో పడినదానికంటే 40 డిగ్రీల్లో అదే గ్లిట్టర్ దాదాపు రెండింతల వేగంతో కిందికి దిగుతుంది. కాబట్టి మధ్యాహ్నం వంటింట్లో పరీక్షించి "త్వరగా పడుతోంది" అని ఇంకా గ్లిజరిన్ పోయకండి. సాయంత్రం చల్లబడ్డాక చూసి నిర్ణయించండి.

మందుల అంగట్లో అమ్మే గ్లిజరిన్ సీసా మీద 100 గ్రాములు అని ఉంటుంది, మిల్లీలీటర్లు కాదు. గ్లిజరిన్ నీళ్లకంటే బరువు, 100 గ్రాములంటే 79 మిల్లీలీటర్లే. చాలామంది లెక్క ఇక్కడే తప్పుతుంది.

మీ పదిహేను సీసాల లెక్క ఇలా ఉంటుంది. ఒక్కోటి 250 మిల్లీలీటర్ల సీసా అనుకుందాం. బొమ్మ, దాని కింది దిమ్మె కలిసి 30 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటే 220 మిల్లీలీటర్ల ద్రవం పడుతుంది. పదిహేనుకు 3,300 మిల్లీలీటర్లు. అందులో 2,200 డిస్టిల్డ్ వాటర్, 1,100 గ్లిజరిన్. గ్లిజరిన్ బరువులో కిలో నాలుగు వందల గ్రాములు. వంద గ్రాముల సీసాలు పద్నాలుగు కొనేబదులు కెమికల్స్ అమ్మే అంగట్లో ఐపీ (మందుల నాణ్యత గుర్తు) అని రాసి ఉన్న గ్లిజరిన్ కిలోన్నర తీసుకుంటే చవక. నీళ్లు ఐదు లీటర్ల డబ్బా తీసుకోండి, మిగిలింది సీసాలు ఆఖరిసారి కడగడానికి పనికొస్తుంది. ఆ చివరి కడుగు కూడా బోరునీళ్లతో చేయకూడదు, ఆరిన మరకలు గాజు లోపలే ఉండిపోతాయి.

కలపడం సీసాలో కాదు, విడిగా గిన్నెలో చేయాలి. మరిగిన నీళ్లు కాస్త చల్లారాక గ్లిజరిన్ పోసి గరిటెతో నెమ్మదిగా రెండు నిమిషాలు తిప్పండి. గ్లిజరిన్ బరువు కదా, సరిగ్గా కలవకపోతే అడుగున ఉండిపోయి, సీసా కదిపినప్పుడల్లా ఎండలో రోడ్డు మీద కనపడే ఆవిరిలా తీగలు తీగలుగా కనపడుతుంది. గిలక్కొడితే గాలి చేరుతుంది. మూతపెట్టి అరగంట వదిలేసి, మళ్లీ 45 డిగ్రీలకు వెచ్చబెట్టుకుని నింపండి.

గ్లిట్టర్ ముద్దకట్టడానికి రెండు కారణాలు. ఒకటి మీ పచ్చడి సీసా. నూనె కంటికి కనపడకపోయినా మూత పొరలో, మర దగ్గర ఉండిపోతుంది. గ్లిట్టర్ పొడి ఆ నూనెకు అతుక్కుని ముద్దలవుతుంది. ఇంగువ, ఆవనూనె వాసన ఉన్న మూతను ఎంత కడిగినా పూర్తిగా పోదు. సీసా ఉంచుకుని మూత మాత్రం కొత్తది వాడండి, లేదంటే జామ్, తేనె సీసాలు వెతకండి. వాటిలో ఉండేది చక్కెరే కాబట్టి వేడినీళ్లకు పోతుంది. సీసాను గిన్నెల సబ్బుతో వేడినీళ్లలో రెండుసార్లు తోమి, తెల్ల మరకలుంటే వెనిగర్ తిప్పి, చివర డిస్టిల్డ్ నీళ్లతో కడిగి బోర్లించండి. గుడ్డతో తుడవొద్దు, నూలుపోగులు నీళ్లలో పాముల్లా ఈదుతాయి.

రెండో కారణం పొడి గ్లిట్టర్‌ను నేరుగా నీళ్ల మీద చల్లడం. ఒక్కో రేకుకూ గాలి అంటుకుని ఉంటుంది, నీళ్లు దాన్ని తడపలేవు, అందుకే పైన తెట్టు కడుతుంది. ఒక చెంచా గ్లిజరిన్‌లో ఆ గ్లిట్టర్ వేసి, గిన్నెల సబ్బు ఒక్క చుక్క, నిజంగా ఒక్క చుక్కే, వేసి పుల్లతో కలిపి తడిపాక సీసాలో వెయ్యండి. ఆ ఒక్క చుక్క తడిపిన ముద్ద రెండు మూడు సీసాలకు సరిపోతుంది. సబ్బు ఎక్కువైతే ఊపిన ప్రతిసారీ పైన నురగ నిలుస్తుంది.

మోతాదు 250 మిల్లీలీటర్లకు పావు టీస్పూను. తక్కువ అనిపిస్తుంది, కానీ నీళ్లలో విచ్చుకున్నాక చాలు. అర టీస్పూను దాటితే బొమ్మ కనపడదు, అడుగున బురదలా పేరుకుంటుంది. చవక రంగు గ్లిట్టర్లలో కొన్ని రంగు వదులుతాయి. గ్లాసు వేడినీళ్లలో చిటికెడు వేసి రాత్రంతా ఉంచి చూస్తే పొద్దునకు తెలిసిపోతుంది. వెండి, తెలుపు రంగులు క్షేమం. ఒక్క సైజు కాకుండా సన్నపొడి మూడొంతులు, కాస్త పెద్ద రేకులు ఒక వంతు కలిపితే అవి వేర్వేరు వేగాలతో దిగి నిజంగా మంచు పడుతున్నట్టుంటుంది.

గుడ్డుపెంకు నాకు గ్లిట్టర్ కంటే ఇష్టం. మెరవదు, పాలతెలుపుగా, మెత్తగా కురుస్తుంది. పెంకు లోపలి పల్చటి పొరను పూర్తిగా ఒలిచేయాలి, అది ఉంటే కుళ్లుతుంది. పది నిమిషాలు మరగబెట్టి, ఎండబెట్టి, గుడ్డలో మూటకట్టి చపాతీ కర్రతో నలగ్గొట్టండి. మిక్సీ వద్దు, పిండి అవుతుంది. టీ వడగట్టే జల్లెడలో జల్లించి కింద పడిన పిండిని పారేసి, పైన మిగిలిన పలుకులనే వాడండి. ఆ పిండి కలిస్తే నీళ్లు గంటల తరబడి మబ్బుగానే ఉంటాయి.

థర్మాకోల్ పూసలు తేలతాయి. ఉప్పు కరిగిపోతుంది. టాల్కమ్ పౌడరు పాలనీళ్లు చేస్తుంది. పాలిథిన్ కవరు ముక్కలు నీళ్లకంటే తేలిక కాబట్టి అవీ పైనే ఉంటాయి. రవ్వ సంగతి మాత్రం చెప్పుకోవాలి. స్నో గ్లోబ్‌కు మొదటి పేటెంటు 1900లో వియన్నాకు చెందిన ఎర్విన్ పెర్జీది. శస్త్రచికిత్స పనిముట్లు చేసే ఆయన, కరెంటు బల్బు వెలుగు పెంచాలని నీళ్లు నింపిన గాజు గోళంలో రకరకాల పొడులు వేసి చూస్తుంటే, గోధుమరవ్వ మెల్లగా దిగుతూ మంచులా కనపడిందట. మన ఉప్మారవ్వే అది. ఆ కుటుంబం ఇప్పటికీ వియన్నాలో ఇవి తయారుచేస్తోంది. ఐతే ఇంట్లో మీరు రవ్వ వేస్తే మన వేడికి నానుతుంది, ఉబ్బుతుంది, పులుస్తుంది. వెయ్యకండి.

బొమ్మ, జిగురు. క్షణాల్లో పట్టే జిగురు ఆరినాక పెళుసుగా ఉంటుంది, నిత్యం నీళ్లలో నానితే ఆ పట్టు నెమ్మదిగా విడిపోతుంది. చుట్టూ తెల్లటి పొగలాంటి పూత కూడా వదులుతుంది. వేడి జిగురు తుపాకీ వాడినా మన ఎండలకు మెత్తబడి ఊడుతుంది. తెల్ల బంక నీళ్లలో కరుగుతుంది. మిగిలినవి మూడు: అరాల్డైట్, పిండిలా పిసికి పెడితే గట్టిపడే ఎంసీల్, అక్వేరియంలకు వాడే సిలికాన్. బొమ్మకు అరాల్డైట్, దిమ్మె కట్టడానికి ఎంసీల్, మూత అంచుకు సిలికాన్, ఇలా మూడింటికీ పని పంచండి. అరాల్డైట్ రెండు ట్యూబుల్లోంచి సమానంగా తీసి బాగా కలపాలి. ఒకటి ఎక్కువైతే ఎన్నాళ్లయినా జిగటగానే ఉంటుంది. 24 గంటలకు గట్టిపడుతుంది, నీళ్లలో పెట్టడానికి మాత్రం 48 గంటలు ఆగండి. చేతులకు తొడుగులు వేసుకోండి, కిటికీలు తెరవండి.

అంటించేముందు మూత లోపలి నున్నటి పూతను ఎమ్రీ పేపరుతో గరుకు చేయాలి, కానీ జిగురు కప్పే మేరకే. ఆ పూత పోయి రేకు బయటపడితే తుప్పు పడుతుంది, నీళ్లు తేనీరు రంగులోకి మారతాయి. పొరపాటున ఎక్కువ గీరితే అక్కడ కూడా పల్చగా అరాల్డైట్ పూసేయండి.

సీసా మెడ, మూత అంచు కలిసి కింది ఒకటిన్నర సెంటీమీటరు దాచేస్తాయి. బొమ్మను నేరుగా మూతకు అంటిస్తే పశువుల పాకలో బాలయేసు కనపడడు, కొట్టం కప్పు మాత్రమే కనపడుతుంది. అందుకే కింద దిమ్మె కావాలి. చాలామంది కూల్‌డ్రింక్ సీసా మూత పెడతారు. ఆ ప్లాస్టిక్‌కు ఏ జిగురూ సరిగ్గా పట్టదు, నెలలో ఊడుతుంది. గోళీలు మూడు అంటించి చుట్టూ ఎంసీల్ పెట్టినా సరిపోతుంది. మన దగ్గర ఇంకా మంచిది ఉంది: బండలు కోసేచోట పడి ఉండే కడప బండ ముక్కలు, బేతంచెర్ల నాపరాయి ముక్కలు. రెండూ సున్నపురాయి జాతివే, మామూలు నీళ్లలో ఏమీ కావు, అరాల్డైట్ గట్టిగా పడుతుంది. దుమ్ము పోయేదాకా బ్రష్‌తో కడిగి ఎండబెట్టాలి, వెనిగర్ మాత్రం తగలనివ్వొద్దు, పొంగుతుంది. నున్నగా చేసిన నల్ల కడప బండ చదరపు ముక్కను మూత బయట పీఠంలా అంటిస్తే బరువుకు గ్లోబ్ ఒరగదు, చూడటానికీ అంగట్లో కొన్నదానిలా ఉంటుంది.

బొమ్మ ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది సీసా మూతిలోంచి దూరుతుందా అని. గుండ్రటి సీసా నీళ్లతో నిండినప్పుడు భూతద్దంలా పనిచేసి బొమ్మను అడ్డంగా దాదాపు మూడోవంతు వెడల్పు చేసి చూపిస్తుంది. కాబట్టి సీసా వెడల్పులో సగానికి మించని బొమ్మ, దిమ్మెతో కలిపి లోపలి ఎత్తులో మూడింట రెండొంతులు దాటనిది తీసుకోండి. మంచు కురవడానికి పైన చోటు ఉండాలి కదా.

ప్లాస్టిక్, రెజిన్, మెరుగు పూసిన పింగాణీ బొమ్మలు మంచివి. క్రిస్మస్ ముందు అమ్మే పశువుల పాక బొమ్మల్లో చాలావరకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌వి ఉంటాయి, అవి నానిపోతాయి, నీళ్లు సున్నపునీళ్లవుతాయి. గుర్తుపట్టడం తేలిక: అడుగున గోరుతో గీరితే తెల్లపొడి రాలుతుంది. కొండపల్లి, ఏటికొప్పాక కర్రబొమ్మలు, నిమ్మలకుంట తోలుబొమ్మల పనివాళ్లు చేసే చిన్న అలంకరణలు నీళ్లలో పెట్టి పాడుచేయొద్దు. తోలు నాని సాగిపోతుంది. కావాలంటే ఆ తోలు ముక్కను గ్లోబ్ వెనక, గాజు బయట నిలబెట్టి దాని వెనక చిన్న దీపపు తీగ పెట్టండి. రంగులు నీళ్లలోంచి విరిగి చాలా బాగుంటుంది.

పిల్లలకు ఇచ్చేది కాబట్టి ఇంకో ఆలోచన. పైన్ చెట్లు, మంచుమనిషి బదులు ఎంసీల్‌తో కొండారెడ్డి బురుజు చేసి చూడండి. గుండ్రటి దిమ్మె, పైన అంచుకు పళ్లు, పుల్లతో రాళ్ల గీతలు, అంతే, పిల్లలు కూడా చేయగలరు. అనంతపురం వాళ్లయితే టవర్ క్లాక్ చేసుకోవచ్చు. ఒక రోజు ఆరాక ఎనామిల్ పెయింటు రెండు పూతలు వేసి వారం రోజులు ఎండనివ్వాలి. నీళ్లతో కలిపే పోస్టర్ రంగులు వాడితే నీళ్లలో పోతాయి, అక్రిలిక్ కూడా నానుతూ మెత్తబడుతుంది. ఎనామిల్ తొందరపడి ముంచితే నీళ్ల మీద నూనెతెట్టు కడుతుంది.

నింపే రోజు. వెచ్చటి ద్రవం అంచుకు వేలెడు తక్కువగా పోసి, తడిపిన గ్లిట్టర్ వేసి, బొమ్మ ఉన్న మూతను ఏటవాలుగా ముంచండి. నిటారుగా ముంచితే బొమ్మ కింద గాలి చిక్కుకుంటుంది. ఒకసారి ముంచి తీసి, తగ్గినంత ద్రవం పొర్లేదాకా పోసి, పళ్లెంలో పెట్టి బిగించండి. పొర్లితేనే నిండినట్టు. బయట తుడిచి తలకిందులుగా న్యూస్‌పేపరు మీద రాత్రంతా ఉంచండి. పొద్దున కాగితం మీద వలయం కనపడితే ఆ మూత పనికిరాదు, ఇంకొకటి మార్చండి. సిలికాన్‌తో పూడ్చి సరిపెట్టుకోవద్దు. పొడిగా ఉన్నవాటికే, పూర్తిగా చల్లబడ్డాక, మూతకూ గాజుకూ మధ్య సందులో బయటినుంచి సన్నగా సిలికాన్ పట్టించి తడివేలితో నున్నచేసి రెండు రోజులు వదిలేయండి. మర ఎక్కువ చుట్లున్న సీసాలకు మూత పెట్టేముందు ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపు, మూత తిరిగే దిక్కుకే, మూడు చుట్లు చుట్టండి.

గాజు పగులుతుందని పిల్లల కోసం ప్లాస్టిక్ డబ్బాలు వాడాలనిపిస్తుంది. వాడొచ్చు, కానీ వాటి మూతలకు జిగురు పట్టదు, పల్చటి ప్లాస్టిక్ గోడలోంచి ఏడాదిలో నీళ్లు కొద్దికొద్దిగా ఆవిరవుతాయి కూడా. మరీ చిన్న పిల్లలకైతే ఒక్క సీజన్ వస్తువు అనుకుని ఇవ్వండి, బొమ్మను అడుగున రాయికి అంటించి వదిలేయండి. మూత మీద "తాగరాదు" అని రాసిన చీటీ తప్పకుండా అంటించండి.

పదిహేనింటికీ డిసెంబరు మొదటి వారంలో మొదలుపెట్టండి. రంగు ఎండడానికి వారం, జిగురుకు రెండు రోజులు, పరీక్షకు ఒక రాత్రి, సిలికాన్‌కు రెండు రోజులు, మధ్యలో మార్చాల్సిన మూతలకు ఇంకో రెండు రోజులు. 20వ తేదీకి చేతికొస్తాయి. ఇరవయ్యో తేదీన మొదలుపెడితే ఏదో ఒక ఆరుదల ఎగ్గొట్టాల్సి వస్తుంది, ఆ సీసానే ముందు కారుతుంది. పిల్లల చేత బురుజు కట్టించడం, గ్లిట్టర్ తడపడం చేయించండి. జిగుర్లు, వేడినీళ్లు పెద్దవాళ్లే చూసుకోవాలి.

ఎక్కడ పెట్టాలో జాగ్రత్త. నీళ్లు నింపిన గుండ్రటి గాజు కటకంలా పనిచేస్తుంది. నేరుగా ఎండ పడితే వెలుగును ఒక చుక్కలోకి చేర్చి కర్టెన్‌ను, కాగితాన్ని కాల్చగలదు. డిసెంబరులో ఎండ ఏటవాలుగా కిటికీలోంచి ఇంట్లోకి చాలా దూరం వస్తుంది. కిటికీ గట్టు మీద, స్టార్ కాగితాల పక్కన పెట్టొద్దని పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట చెప్పండి.

మీ పాత సీసాను పారేయకండి. మూత, జిగురు తీసేసి, సీసాను పైన చెప్పినట్టు కడిగి మళ్లీ వాడొచ్చు. ఊడిన బొమ్మ ప్లాస్టిక్‌ది అయితే అడుగున మిగిలిన పాత జిగురు పొరను బ్లేడుతో పూర్తిగా గీకి, గరుకు చేసి అరాల్డైట్‌తో అంటించండి. పాత పొర మీదే అంటిస్తే ఆ పొరతో సహా మళ్లీ ఊడుతుంది.

సంక్రాంతి దాటాక దాచేటప్పుడు అటక మీద పెట్టొద్దు. మిద్దె కప్పు కింద మే నెలలో ఇంట్లోకెల్లా ఎక్కువ వేడి అక్కడే. బీరువా కింది అరలో, గుడ్డలో చుట్టి, మూత పైకి ఉండేలా నిలబెట్టండి. బొమ్మ తలకిందులుగా వేలాడుతుంది, ఫరవాలేదు. అప్పుడు లోపలి చిన్న బుడగ మూత కిందికి చేరుతుంది. ఎప్పుడైనా ఒత్తిడి పెరిగి ఏదైనా బయటికి రావాల్సి వస్తే ముందు గాలి వస్తుంది, గ్లిజరిన్ నీళ్లు రావు. మళ్లీ డిసెంబరులో తీసినప్పుడు అడుగున గ్లిట్టర్ గట్టిగా పేరుకుని కనపడితే కంగారుపడి గట్టిగా ఊపకండి. సీసాను గోరువెచ్చటి నీళ్లలో పావుగంట నిలబెట్టి నెమ్మదిగా తిప్పితే విడిపోతుంది.